వరుస సంఖ్య

వ్రాసి ఉంచుట ఒక విద్య. వ్రాసిన దానిని అక్కఱ కలిగినప్పుడు వెదకి తీయుట మఱొక విద్య. పెట్టెడు కాగితములు ఇంట నుండియు పొలము పట్టా దొరకక దినమంతయు వెదకు గృహస్థులను మనమందఱము చూచియున్నాము. మన పాఠశాలలో పై తరగతుల బాలబాలికలకు కొంత కాలముగా నేను సి అను కంప్యూటరు భాషను బోధించుచున్నాను. అందులో నాకు మిక్కిలి ప్రియమైన పాఠ మొకటి కలదు. దస్త్రములోని పద్దును దాని వరుస సంఖ్యను బట్టి ఒక్క అంగలో చేరుకొనుటయే ఆ పాఠము. చూచుటకు చిన్నది, పది పంక్తులలో ముగియును. అయినను దానిని బోధించునపుడెల్ల మన జిల్లాలోని సామాన్యుల బ్రదుకులకు అది ఎంత దగ్గఱ సంబంధము గలదియో నాకు తోచుచుండును. ఆ సంగతినే ఈ సంచికలో మీకు విన్నవింపదలచితిని. కంప్యూటరు నెఱుగని తల్లిదండ్రులకు సయితము బోధపడునట్లు వ్రాయ యత్నించెదను.

మొదట మన చేలలోని దృష్టాంతమును చెప్పెదను. వేరుసెనగను గొర్రుతో విత్తిన చేను మీరెల్లరు చూచినదే. సాలుకును సాలుకును నడుమ ఎడము సమానముగా నుండును. ఆ ఎడము ఒక అడుగు అనుకొందము. గట్టునొద్ద మొదటి సాలుపై నిలిచినవాడు 21వ సాలునకు పోవలెనన్నచో సాళ్ళను ఒక్కొక్కటిగా లెక్కింప నక్కఱలేదు. 20 అడుగులు కొలిచినచో నేరుగా ఆ సాలునొద్దకు చేరును. 21 కాక 20 ఏల? మొదటి సాలునొద్ద అతడు ముందే నిలిచియున్నాడు గనుక. విత్తనమును చేతితో వెదజల్లిన చేనిలో ఈ కొలత పనికిరాదు. అచ్చట సాళ్ళే లేవు.

కంప్యూటరులోని దస్త్రమును ఈ రెండు విధములుగా ఉండవచ్చును. పేర్లు, ఊళ్ళు, తేదీలు వాని వాని పొడవుతో ఒకదాని వెనుక నొకటి వ్రాసికొని పోయినచో అది వెదజల్లిన చేను. 742వ విద్యార్థి పద్దు కావలెనన్నచో ముందున్న 741 పద్దులను దాటుచు పోవలెను. ఏ పద్దు ఎచ్చట ముగియునో చదివిన గాని తెలియదు. అట్లుగాక ప్రతి పద్దునకు ఒకే కొలతను నిర్ణయించినచో అది గొర్రుతో విత్తిన చేను. పద్దు ఒక్కింటికి 128 బైట్లు అనుకొందము. బైటు అనగా ఒక ఇంగ్లీషు అక్షరము పట్టునంతటి చిన్న గడి. 742 నుండి 1 తీసివేసి, వచ్చిన 741ని 128 చేత హెచ్చింపగా 94,848 అగును. దస్త్రము మొదటి నుండి 94,848 బైట్లు విడిచి, అటుపిమ్మటి 128 బైట్లు చదివినచో 742వ విద్యార్థి వివరము మన యెదుట నిలుచును. రెండవ పద్దుకైనను, పదివేలవ పద్దుకైనను ఒక్క హెచ్చవేత చాలును.

సి భాషలో ఇందుకు వలసిన సాధనములు కొద్దివే. స్ట్రక్ట్ అను మాటతో పద్దు యొక్క స్వరూపమును నిర్వచింతుము. పేరునకు ఇన్ని బైట్లు, ఊరికి ఇన్ని, తరగతికి ఇన్ని అని అందు తెలుపుదుము. దస్త్రమును బైనరీ రీతిలో తెఱతుము. ఎఫ్‌సీక్ అను ఫంక్షను చెప్పిన చోటికి మనలను కొనిపోవును. ఎఫ్‌రీడ్ అచ్చటి పద్దును చదివి తెచ్చును. ఎఫ్‌రైట్ పద్దును వ్రాయును. ఇందు రెండు జాగ్రత్తలు కలవు. మొదటిది: 742వ పద్దును చదువగానే మన స్థానము 743వ పద్దు మొదటికి జరిగియుండును. కాబట్టి సవరించిన పద్దును వ్రాయుటకు ముందు మఱల ఎఫ్‌సీక్ చేసి వెనుకకు రావలెను. రానిచో ఒకని సవరణ మఱొకని పద్దుపై పడి దానిని చెఱచును. రెండవది: పద్దు కొలతను వ్రేళ్ళపై లెక్కింపరాదు, సైజాఫ్ అను సాధనము నడిగి తెలిసికొనవలెను. 5 బైట్ల అక్షరపు గడి వెనుక 4 బైట్ల అంకె గడి ఉన్నచో మొత్తము 9 అని మనము తలంతుము. కాని పెక్కు యంత్రములలో అంకె 4 చేత నిశ్శేషముగా భాగింపబడు చోటనే మొదలు కావలెను. అందుకై కంపైలరు నడుమ 3 బైట్లు ఖాళీగా విడుచును. కొలత 12 అగును. తన ఊహను నమ్మక కొలబద్దను నమ్మవలెనని నేను పిల్లలకు చెప్పుచుందును.

ఈ సౌకర్యము కంప్యూటరులకు పుట్టుకతో వచ్చినది కాదు. పద్దులను టేపుపై దాచిన దినములలో నడుమనున్న పద్దు కావలెనన్నచో టేపును అంతవఱకు త్రిప్పవలసియుండెను. 1956లో అమెరికాలోని ఐబీఎం సంస్థ ర్యామాక్ అను యంత్రమును వెలువరించెను. దానిలో 50 పళ్ళెములు ఒకదానిపై నొకటి తిరుగుచుండెడివి. వానిపై 50 లక్షల అక్షరములు పట్టెడివి. చదువు ముల్లు ఏ పళ్ళెములో ఏ వలయమునకైనను నేరుగా పోగలిగెను. అటుపిమ్మట 1970వ దశకపు తొలినాళ్ళలో బెల్ ప్రయోగశాలలయందు డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించెను. ఆయనయు బ్రయన్ కెర్నిఘనును కలిసి వ్రాసిన పాఠ్యగ్రంథము 1978లో వెలువడినది. 1989లో ఆ భాషకు అమెరికా దేశపు ప్రమాణ మేర్పడినది. నేటికిని పనిచేయుచున్న అనేక యంత్రముల అడుగున ఆ భాషయే ఉన్నది.

అయితే సమానమైన గడులకు వెల చెల్లింపక తప్పదు. పొట్టి పేరు గలవాని గడిలో చోటు వృథాగా ఉండును. పొడుగు పేరు గలవాని పేరు తెగిపోవును. తెలుగువారి కీ చిక్కు మఱింత ఎక్కువ. నేడు విశేషముగా వాడబడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు చాలును; తెలుగు లిపిలోని ప్రతి అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు 3 బైట్లు కావలెను. అనంతపురము అను మాటకు ఇంగ్లీషు లిపిలో 9 బైట్లు సరిపోగా తెలుగు లిపిలో 27 బైట్లు పట్టును. పేరునకు 40 బైట్ల గడి ఇచ్చినచో, సి భాష మాట చివర ఉంచు సున్నకు 1 పోగా 39 మిగులును. అనగా 13 గుర్తులు. మన జిల్లాలో సాధారణమైన వెంకటరమణారెడ్డి అను పేరునకు 15 గుర్తులు కావలెను. ఆ గడిలో అతడు వెంకటరమణారెడ్ అని మిగులును. ఒక ముక్క తెగిన పేరునకు, చేతిలోని కార్డుపై నున్న పూర్తి పేరునకు పొంతన కుదరక పాట్లుపడువారు మన ఊళ్ళలో లేకపోలేదు. గడి కొలతను నిర్ణయించువాడు ఆ గడిలో ఎవరి పేరు వ్రాయబడునో ముందుగా తలపోయవలెను.

ఇక సంఖ్య మాట. మన సీమలో సంఖ్యలతో జనులకు కల పరిచయము క్రొత్తది కాదు. 1800లో నిజాము ఈ దత్తమండలములను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన పిమ్మట, 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలములను కొలిపించెను. అటుతర్వాత వచ్చిన సర్వే పద్ధతిలో ప్రతి పొలమునకు ఒక సర్వే నంబరు ఏర్పడినది. ఆ పద్ధతిలోని ఒక నియమమును గమనింపుడు. 112వ నంబరు పొలమును అన్నదమ్ములిద్దఱు పంచుకొన్నచో 112-1, 112-2 అని విభజింతురే కాని, రెండవ భాగమునకు 113 అని పెట్టి తక్కిన ఊరి నంబర్లన్నిటిని ఒక్కొక్కటి ముందుకు జరుపరు. అట్లు జరిపినచో ఊరిలోని ప్రతి పట్టాయు, ప్రతి దస్తావేజును తప్పు పొలమును చూపును. ఈ నియమమును ఏర్పఱచినవారికి కంప్యూటరు తెలియదు. అయినను కాగితముపై ఒకమారు వ్రాసి ఇచ్చిన సంఖ్య మాట ఇచ్చుట వంటిదని వారెఱుగుదురు.

సంవత్సరమునకు సుమారు 55 సెంటీమీటర్ల వానయే కురియు ఈ పీఠభూమిలో కఱవు వచ్చినప్పుడెల్ల జనుల జీవనము జాబితాలపై ఆధారపడును. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రారంభమైనది మన జిల్లాలోని బండ్లపల్లెలోనే. 2005 నాటి ఆ చట్టము గ్రామములోని ఇంటింటికి సంవత్సరమున 100 దినముల పనికి హామీ ఇచ్చినది. పని కోరిన ఇంటికి జాబు కార్డును, కార్డుపై నొక సంఖ్యయు వచ్చెను. అక్షరము రాని కూలివాడు సయితము తన కార్డును బియ్యపు డబ్బాలో భద్రముగా దాచుకొనెను. కూలి డబ్బు ఆ సంఖ్య వెంటనే వచ్చునని వాని కెఱుక.

సంఖ్య జరిగినచో ఏమగునో మా ఇంటనే చూచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దమ్మకు రావలసిన వృద్ధాప్యపు పింఛను మూడు నెలలు నిలిచిపోయినది. ఆమె పల్లె నుండి బస్సులో రెండు మారులు ఒక కార్యాలయమునకు పోయి వచ్చెను. మూడవ మారు నేనును వెంట పోయితిని. ఆమె కార్డుపై 318 అని వ్రాసియున్నది. అచ్చటి కుఱ్ఱవాడు యంత్రములో 318 అని కొట్టగా వేఱొక ఊరి స్త్రీ పేరు కనబడినది. “ఈ నంబరు మీది కాదు” అని అతడు అనెను. పెద్దమ్మ కార్డును బల్లపై పెట్టి, “నంబరు నా చేతిలోనే ఉండాదప్పా. మనిషిని నేను ఈడనే ఉండాను. నా పేరు మాత్రం యాడికి పోయిందో సూడు” అనెను. అతడు మంచివాడే; విసుగుకొనక జాబితా నంతయు క్రింది నుండి మీదికి చూచెను. 314వ చోట ఆమె పేరు దొరకినది. సంగతి విచారింపగా తెలిసిన దేమనగా, ఆమెకు ముందున్న వారిలో నలుగురు మరణించిరి. వారి పద్దులను తీసివేసి, ఖాళీలు లేకుండ తక్కినవానిని మీదికి జరిపి, సంఖ్యలను మఱల వరుసగా వేసిరి. జాబితా శుభ్రమైనది, పల్లెలలోని కార్డులపై మాత్రము పాత సంఖ్యలే నిలిచియున్నవి.

అతడు ఎఱ్ఱ సిరాతో కార్డుపై 318 కొట్టివేసి 314 అని వ్రాసి ఇచ్చెను. పెద్దమ్మ దానిని తీసికొనక ముందు ఒక ప్రశ్న అడిగెను: “మల్లా నలుగురు సచ్చిపోతే నా నంబరు మల్లా మారుతాదా?” దానికి అతనియొద్దను, నాయొద్దను ప్రత్యుత్తరము లేకపోయినది.

ఆ ప్రశ్న నా పాఠములోని దొసగును చూపినది కాదు. నా పాఠములో దాగియున్న అర్థమును చూపినది. ఎఫ్‌సీక్ చేరుకొనునది మనుష్యుని కాదు, చోటును. 318 అన్న మాటకు యంత్రము గ్రహించు అర్థము, మొదటి నుండి 317 పద్దులు విడిచిన తరువాతి చోటు అని మాత్రమే. ఆ చోట ఎవరున్నారో దానికి పట్టదు. పెద్దమ్మకో, 318 అనగా తానే. ఒకే అంకె ఇరువురికి రెండు అర్థముల నిచ్చుచున్నది. చోట్లు కదలనంతకాలము ఈ భేదము బయటపడదు. ఒక్క పద్దును తీసి తక్కినవానిని జరిపిన నాడు, దాని వెనుకనున్న ప్రతివాడును వేఱొకని చోట నిలుచును. మన పాఠములోని కొలత ప్రకారము చూచినచో, నలుగురి పద్దులను తీసివేయుటవలన ఆదా అగు చోటు 512 బైట్లు. ఈ వ్యాసములోని ఒక్క పేరా కంటె అది తక్కువ.

దీనికి మందు లేకపోలేదు, అది పాతదే. పద్దును తీసివేయుటకు బదులు దానిపై గుర్తు వేసి అచ్చటనే ఉంచవచ్చును. 1980వ దశకములో కార్యాలయములందు విరివిగా వాడబడిన డీబేస్ అను సాధనములో ప్రతి పద్దునకు ముందు ఒక బైటు ఇందుకొఱకే కేటాయింపబడి యుండెను. పద్దు చెల్లునదైనచో ఆ బైటు ఖాళీగా నుండును. రద్దయినచో నక్షత్రపు గుర్తు పడును. ప్యాక్ అను ఆజ్ఞ ఇచ్చిన గాని ఆ పద్దు నిజముగా తొలగదు. ఇచ్చినచో తక్కిన పద్దుల సంఖ్యలు జరిగిపోవును. కావున ఆ ఆజ్ఞను ఇచ్చుటకు ముందు ఆ సంఖ్యలు బయట ఎవరి చేతులలో నున్నవో విచారింపవలెను.

రెండవ మందు, సంఖ్యను పద్దు లోపల సయితము వ్రాసి యుంచుట. 318వ చోటికి పోయి చదివిన పిమ్మట, లోపలి గడిలో 318 అనియే ఉన్నదా అని సరిచూడవలెను. లేనిచో ఎదుటి మనుష్యునితో నీ సంఖ్య తప్పు అనక, మా జాబితా జరిగినది అని యంత్రమే చెప్పగలదు. ఈ తనిఖీకి ప్రోగ్రాములో ఒక్క పంక్తి చాలును.

మూడవది సూచిక పట్టిక. సంఖ్యలు మిక్కిలి పెద్దవైనచో వానిని నేరుగా చోట్లుగా వాడుట అసాధ్యము. 12 అంకెల ఆధార్ సంఖ్యనే వరుస సంఖ్యగా తలంచి పద్దునకు 128 బైట్లు విడిచినచో దస్త్రమునకు 128 లక్షల కోట్ల బైట్లు కావలెను. అందులో అధికభాగము బీడు. కాబట్టి మనుష్యుని సంఖ్య యొకవైపును, అతని పద్దున్న చోటు మఱొకవైపును గల చిన్న పట్టికను క్రమముగా వ్రాసి యుంతురు. పద్దు చోటు మాఱినచో పట్టికలోని రెండవ వైపు మాత్రము దిద్దుదురు. మనుష్యుని చేతిలోని సంఖ్య మాఱదు. కదలవలసినది యంత్రములోని చోటు. కార్డుపై నున్న అంకె కాదు.

గత సంవత్సరము మా తరగతి పిల్లలు అభ్యాసమునకై మన పాఠశాల అడ్మిషను రిజిస్టరులోని కొన్ని పుటలను ఇట్టి దస్త్రముగా కూర్చిరి. పేరు, ఊరు, చేరిన తేదీ, విడిచిన తేదీ, అడ్మిషను సంఖ్య: ఇవి గడులు. ఒక బాలుడు, “అయ్యా, టి.సి. తీసికొని పోయినవారి పద్దులు మన కెందుకు? తీసివేసినచో దస్త్రము సగమగును గదా” అని అడిగెను. నేను ఉత్తరము చెప్పకమునుపే వెనుక బల్లపై నున్న ఒక బాలిక, “వాళ్ళు తిరిగి వస్తే?” అనెను. ఆమె తలిదండ్రులు వానలు లేని ఒక సంవత్సరమున కూలికై బెంగుళూరు పోయినప్పుడు ఆమెయు వెంట పోయి, మఱుసటి యేడు మన పాఠశాలకు మఱల వచ్చినది. పాత రిజిస్టరులో ఆమె పంక్తి ఆమె కొఱకు అట్లే వేచియుండెను. తరగతి యంతయు కొంత తడవు ఊరకుండెను. తరువాత ఆ బాలుడే లేచి నల్లబల్లపై తీసివేయు ఫంక్షనును తుడిచి, దాని చోట గుర్తు వేయు ఫంక్షనును వ్రాసెను.

తిరిగి వచ్చువారు పిల్లలు మాత్రమే కారు. నలువది సంవత్సరముల క్రిందట చదువు విడిచినవారు పుట్టిన తేదీకై, పింఛనుకై, పాస్‌పోర్టుకై నేటికిని మన కార్యాలయపు గుమ్మము నొద్దకు వచ్చుచుందురు. గుమాస్తాగారు పాత సంపుటమును దించి, అట్టపై ధూళి దులిపి, సంఖ్యను బట్టి పుట తిప్పి, వ్రేలితో పంక్తిని చూపుదురు. నాడు ఆ పంక్తిని వ్రాసినవారు నేడు లేరు. వారు ఎవరి సంఖ్యను ఎవరికిని మాఱ్చి ఇయ్యలేదు గనుకనే ఆ పుట నేడు మాట్లాడుచున్నది.

విద్యార్థులారా, మీలో కొందఱు రేపు కార్యాలయములలో జాబితాలు వ్రాయుదురు. కొందఱు ఆ జాబితాలను నడపు ప్రోగ్రాములు వ్రాయుదురు. ఎఫ్‌సీక్ నేర్చుటకు ఒక పూట చాలును. ఏ సంఖ్య చోటునకు గుర్తో, ఏ సంఖ్య మనుష్యునికి గుర్తో వేఱుపఱచి తెలిసికొనుటకు మఱికొంత కాలము పట్టును. ఆ తెలివి కుదిరిన పిమ్మటనే ప్రజల పేర్లు గల దస్త్రముపై చేయి పెట్టుడు. మా పెద్దమ్మ ప్రశ్న నేను ప్రతి సంవత్సరము ఈ పాఠము చివర నల్లబల్లపై వ్రాయుచున్నాను. ఎందఱు పోయినను మీ సంఖ్య మాఱదమ్మా అని చెప్పగలుగునట్టి ప్రోగ్రామును వ్రాసి తెచ్చినవారికే పూర్ణాంకములు.